పొద్దున్నే వచ్చే మూడు ముక్కలు: తేదీ, పాట, అభ్యర్థి

ఎన్నికల నెల మొదలైందంటే తిరుపతిలో ఫోన్లకు వచ్చే పొద్దుటి సందేశం తీరు మారిపోతుంది. పైన తిథి, నక్షత్రం, రాహుకాలం. దాని కింద ‘చరిత్రలో ఈ రోజు’. ఆ తర్వాత ఒక పాట ముచ్చట: ఫలానా కీర్తన, ఫలానా రాగం, పాడింది ఫలానావారు. చిట్టచివర ‘ఒక్కసారి ఆలోచించండి’ అంటూ అభ్యర్థి మీద నాలుగు వాక్యాలు. ఐదేళ్లలో ఆస్తి ఇన్ని రెట్లయింది, మీద ఇన్ని కేసులున్నాయి, అసలు ఈ ఊరివాడే కాదు. లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగుతూ చదివినా, అలిపిరి మెట్ల దగ్గర చెప్పులు వదులుతూ చదివినా వరస ఇదే.

ఈ వరసలో తెలివి ఉంది. తిథి క్యాలెండర్‌తో సరిపోయింది, పాట చిన్నప్పటి నుంచి విన్నదే, కాబట్టి చివరి ముక్క కూడా తెలిసినవాళ్లు రాసిందే అయ్యుంటుందని మనసు ఒప్పేసుకుంటుంది. చిక్కేమిటంటే, పైనున్న చరిత్ర, పాట కూడా చాలాసార్లు తప్పులతడకే. అంతకన్నా గమనించాల్సిన సంగతి ఇంకొకటి: మూడింటిలో దొర్లే తప్పులు ఒకే రకంవి. ఒక అంకెను వేరే గడిలోంచి తేవడం, ఈనాటి కొలతతో ఆనాటి సంగతిని కొలవడం, ఒకరి పనిని ఇంకొకరి ఖాతాలో వేయడం. అన్నమయ్య పుట్టిన ఏడాదిని తప్పు రాసే పద్ధతే అభ్యర్థి ఆస్తినీ తప్పు రాయిస్తుంది.

రెండు 1424లు

అన్నమయ్య 1424లో పుట్టారని ఒక సందేశం, 1408లో అని మరొకటి. రెండూ ఒకే రాగిరేకు నుంచి వచ్చినవే. శృంగార సంకీర్తనల రేకు మొదట్లో ఉన్న మాటల సారం ఇది: శాలివాహన శకం 1346, క్రోధి సంవత్సరంలో, అన్నమాచార్యులు అవతరించిన పదహారేళ్లకు తిరువేంగళనాథుడు ప్రత్యక్షమయ్యాడు; అది మొదలు శకం 1424, దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా ఆయన విన్నపం చేసిన సంకీర్తనలివి.

ఇప్పుడు లెక్క. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. 1346కు 78 కలిపితే 1424. అది పాట మొదలైన ఏడాది, పుట్టిన ఏడాది కాదు. దానిలోంచి పదహారు తీస్తే 1408. రేకు మీద 1424 అన్న అంకె నిజంగానే ఉంది, కానీ అది శకం. ఆయన కన్నుమూసిన ఏడాది. దానికి 78 కలిపితే 1502 వస్తుంది. అక్కడా ఆగకూడదు. తెలుగు ఏడాది ఉగాదితో మొదలవుతుంది, ఫాల్గుణం చివరి నెల. అప్పటికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోయి ఉంటుంది గనక 79 కలపాలి. అలా తేలేది 1503 ఫిబ్రవరి 23, గురువారం.

ఆ ఫిబ్రవరి 23 కూడా పాత జూలియన్ క్యాలెండర్ తేదీ. ఇప్పుడు గోడకు వేలాడే గ్రెగోరియన్ క్యాలెండర్ 1582లో వచ్చింది. ఆ లెక్కకు మార్చాలంటే పది రోజులు కలపాలి, అంటే మార్చి 5. తిరుపతిలో వర్ధంతి జరిపేది ఈ రెండు తేదీల్లోనూ కాదు, తిథి నాడు. ఫాల్గుణ బహుళ ద్వాదశి ఈ రోజుల్లో మార్చి నడుమ నుంచి ఏప్రిల్ మొదటి రోజుల దాకా ఎప్పుడైనా పడవచ్చు. ఏటా ఫిబ్రవరి 23న ‘నేడు అన్నమయ్య వర్ధంతి’ అని పంపేవాళ్లు అబద్ధమాడటం లేదు. ఏ క్యాలెండరో చెప్పడం లేదు, అంతే.

అభ్యర్థి అఫిడవిట్‌లోనూ ఇలాంటి జంట అంకెలు ఉంటాయి. నామినేషన్‌తో పాటు ఇచ్చే ఫారం 26లో స్థిరాస్తి కింద ప్రతి భూమికీ సర్వే నంబరు, విస్తీర్ణం, కొన్న తేదీ, కొన్నప్పటి ధర, ఆ తర్వాత పెట్టిన ఖర్చు, ఇప్పటి మార్కెట్ విలువ వేర్వేరుగా అడుగుతారు. వారసత్వంగా వచ్చిందా, సొంతంగా కొన్నదా అనేది మరో గడి. ‘ఐదేళ్లలో ఆస్తి మూడు రెట్లు’ అనే వాక్యం నూటికి తొంభైసార్లు ఆ మార్కెట్ విలువ గడి మొత్తాన్ని పాత అఫిడవిట్ మొత్తంతో పోల్చి పుట్టిస్తారు. ఈ ‘నూటికి తొంభై’ మాటవరసకే, సర్వే లెక్క కాదు.

బంగారం చూస్తే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. ఒక అభ్యర్థి భార్య దగ్గర 2019లో 500 గ్రాములు, 2024లో అదే 500 గ్రాములు ఉన్నాయనుకుందాం. 2019 ఏప్రిల్‌లో పది గ్రాములు సుమారు 32 వేల రూపాయలు. 2024 ఏప్రిల్‌కు 70 వేలు దాటింది. అఫిడవిట్‌లో 16 లక్షలు కాస్తా 35 లక్షలవుతుంది. ఒక్క గ్రాము కూడా కొనలేదు. భూమిదీ అదే కథ. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా కేంద్రమైంది. అలాంటి ఊరి చుట్టుపక్కల ఎప్పుడో కొన్న ఎకరం విలువ పెరగడానికి యజమాని ఏమీ చేయక్కర్లేదు, పట్టా దాచుకుంటే చాలు.

మరి అసలు విమర్శ ఎక్కడ దొరుకుతుంది? రెండు అఫిడవిట్లనూ పక్కపక్కన పెట్టి సర్వే నంబరుకు సర్వే నంబరు కొట్టేసుకుంటూ పోవాలి. పాతదాంట్లో లేక కొత్తదాంట్లో ఉన్నవే నిజమైన పెరుగుదల. వాటికి కొన్న ధర గడిని మాత్రమే కూడాలి. తర్వాత నాలుగో పేరాకు వెళ్లాలి. 2019 నుంచి అక్కడ ఐదేళ్ల ఆదాయపన్ను రిటర్నుల్లో చూపిన మొత్తాలు ఏడాదివారీగా ఇవ్వాలి. అభ్యర్థివీ, జీవిత భాగస్వామివీ, ఆధారపడినవారివీ, ఉమ్మడి కుటుంబం ఉంటే దానివీ. ఎనిమిదో పేరాలో అప్పులుంటాయి. ఐదేళ్ల ఆదాయం, కొత్త అప్పు, అమ్మిన ఆస్తి మీద వచ్చిన డబ్బు మూడూ కలిపినా కొత్త కొనుగోళ్ల ధరకు చాలకపోతే, ఆ మిగిలిన తేడాయే ప్రశ్న. ‘ఇంత ఎక్కడిది?’ అని అడిగితే అభ్యర్థి జవాబు చెప్పక తప్పదు. ‘మూడు రెట్లు పెరిగింది’ అంటే ‘భూమి రేటు పెరిగిందయ్యా’ అని ఒక్కమాటతో తప్పించుకుంటాడు.

చిత్తూరు వైపు అభ్యర్థుల విషయంలో ఇంకో జాగ్రత్త కావాలి. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపన్ను లేదు. మామిడి తోట మీద లక్షలు వచ్చినా రిటర్నులోని మొత్తం ఆదాయం గడిలో అది కనిపించకపోవచ్చు. రిటర్ను చిన్నది, తోట పెద్దది కనుక దొంగలెక్క అనేస్తే విమర్శ అక్కడే చచ్చిపోతుంది. ఆదాయ వనరులు రాసే 9ఎ పేరాలో వ్యవసాయం ఉందో లేదో ముందు చూడాలి.

కొలతల దగ్గరా కాలు జారుతుంది. స్థలం అంకణాల్లో చెప్పడం ఇక్కడి అలవాటు. తిరుపతిలో అంకణమంటే 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు 72. ఒక సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. తిరుపతి లెక్కన 12.1 అంకణాలు, నెల్లూరు లెక్కన 6.05. ‘200 అంకణాల స్థలం’ అని ఒకచోట విన్నది ఇంకోచోటి లెక్కతో మారిస్తే స్థలం రెట్టింపవుతుంది, లేదా సగమవుతుంది. అఫిడవిట్‌లో ఇంటిస్థలాలకు చదరపు అడుగులు, వ్యవసాయ భూమికి ఎకరాలు అడుగుతారు. విమర్శ కూడా అదే కొలతలో ఉండాలి.

కేసుల విషయంలో రెండు 1424ల గొడవ ఈమధ్యే కొత్తగా వచ్చి చేరింది. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఐపీసీలో 302 అంటే హత్య. కొత్త సంహితలో హత్య 103, అక్కడి 302 మత భావాలు నొప్పించే ఉద్దేశంతో మాటలనడం. పాతది 420 అంటే మోసం, కొత్తదాంట్లో మోసం 318. కాబట్టి ‘ఈయన మీద 302 కేసుంది’ అన్న మాటకు ఎఫ్ఐఆర్ తేదీ, చట్టం పేరు లేకపోతే అర్థమే లేదు. కేసు పెట్టడం వేరు, అభియోగాలు నమోదు కావడం వేరు, శిక్ష పడటం వేరు. ఫారం 26లో ఐదో పేరా నడుస్తున్న కేసులది, ఆరోది శిక్ష పడిన కేసులది. మామూలుగా రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడితేనే అనర్హత. రోడ్డు మీద బైఠాయించినందుకు పెట్టిన కేసులు పదీ, మోసం కేసు ఒకటీ ఉన్న అభ్యర్థిని ‘పదకొండు కేసులవాడు’ అనడం కన్నా ఆ ఒక్క కేసు ఏమిటో, అభియోగాలు ఎప్పుడు నమోదయ్యాయో రాయడమే బలమైన విమర్శ.

ఈనాటి గీతతో ఆనాటి పటం

సెప్టెంబరు 5 రాగానే ‘చిత్తూరు జిల్లా తిరుత్తణిలో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్’ అనే వాక్యం వస్తుంది. ఆయన పుట్టింది 1888లో. అప్పటికి చిత్తూరు జిల్లా అనేదే లేదు. తిరుత్తణి ఉత్తర ఆర్కాటులో ఉండేది. 1911 ఏప్రిల్ 1న ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల ముక్కలతో చిత్తూరు జిల్లా ఏర్పడింది. తిరుత్తణి అందులో చేరి, 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది. అంటే చిత్తూరు జిల్లాలో ఆ ఊరు ఉన్నది సరిగ్గా 49 ఏళ్లు. రెండు ఘటనలూ ఒకే తేదీన జరగడం వల్ల ఏప్రిల్ 1 సందేశాల్లో ఏడాదులు తారుమారవడం మామూలే. తమాషా ఏమంటే, 1911కు ముందు ఉత్తర ఆర్కాటు జిల్లా కేంద్రం చిత్తూరే. ఊరు పాతదే, జిల్లా కొత్తది.

అభ్యర్థి మీద ‘స్థానికేతరుడు’ అనే విమర్శ ఈ కోవలోదే. శాసనసభకు పోటీ చేయడానికి ఆ రాష్ట్రంలో ఏ నియోజకవర్గంలోనైనా ఓటరైతే చాలు. లోక్‌సభకు దేశంలో ఎక్కడ ఓటరైనా సరిపోతుంది. చట్టం దృష్టిలో అదొక లోపమే కాదు. ఓటరు దృష్టిలో లోపమా అంటే తిరుపతి రికార్డు వేరేగా చెబుతుంది. 1983లో ఎన్.టి. రామారావు తిరుపతిలోనూ గుడివాడలోనూ నిలబడి రెండుచోట్లా గెలిచారు. 2009లో చిరంజీవి పాలకొల్లులో ఓడి తిరుపతిలో గెలిచారు. 2024లో తిరుపతిలో గెలిచిన ఆరణి శ్రీనివాసులు అంతకుముందు చిత్తూరు ఎమ్మెల్యే. ముగ్గురిదీ మూడు పార్టీలు. స్థానికత గురించి రాయాలంటే ‘బయటివాడు’ అని వదిలేయకుండా నియోజకవర్గంలో కార్యాలయం ఉందా, ఎన్ని రోజులు అందుబాటులో ఉన్నారు, సభలో ఈ ఊరి గురించి ఏ తేదీన ఏ ప్రశ్న వేశారు అని అడగాలి. సభ రికార్డులు చూస్తే అది తేలుతుంది.

రెండు సీట్ల ముచ్చట వచ్చింది గనక ఇంకో చిన్నమాట. ‘అప్పట్లో ఎన్టీఆర్ మూడు చోట్ల గెలిచారు, ఇప్పటి నాయకులకు ఆ దమ్ము లేదు’ అని ఒక సందేశం తిరుగుతుంటుంది. 1985లో ఆయన గుడివాడ, హిందూపురం, నల్గొండల్లో పోటీ చేసి మూడూ గెలిచిన మాట నిజం. 1996లో చట్టం మార్చి ఒక అభ్యర్థి రెండు చోట్లకు మించి నిలబడకూడదన్నారు. దమ్ముతో పనిలేదు.

పాట ఎవరిది, బాణీ ఎవరిది

అన్నమయ్య కీర్తన ఏ రాగంలో ఉంది? రేకుల మీద పాట పైన రాగం పేరు చెక్కి ఉంటుంది, స్వరాలు మాత్రం ఉండవు. ఇవాళ కచేరీల్లో, మైకుల్లో వినిపించే బాణీలు 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటి వారు కట్టినవి. ‘అన్నమయ్య ఈ రాగంలో ఇలా పాడారు’ అనే ముచ్చట అక్కడే తప్పుతుంది. ప్రచార పాటలు కట్టేవాళ్లకు ఇది డబ్బుతో కూడిన సంగతి కూడా. సాహిత్యం ఎవరైనా వాడుకోవచ్చు. బాణీ మీద హక్కు దాన్ని కట్టినవారు కన్నుమూసిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు నడుస్తుంది. రికార్డింగ్ మీద హక్కు మళ్లీ వేరు. కీర్తన పాతదే కదా అని ఆ ట్యూన్ మీద అభ్యర్థి పేరు పెట్టి ఆటోకు కట్టి తిప్పితే నోటీసు రావచ్చు.

సుప్రభాతానిదీ ఇదే తంతు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతు వినీవినీ చాలామందికి కర్త ఎవరో తట్టదు. రాసింది 15వ శతాబ్దానికి చెందిన ప్రతివాది భయంకరం అణ్ణంగరాచార్యులు. అందులో మొదటి శ్లోకం ‘కౌసల్యా సుప్రజా రామ’ ఆయనది కూడా కాదు, వాల్మీకి రామాయణం బాలకాండలో విశ్వామిత్రుడు రాముణ్ణి నిద్రలేపే శ్లోకం. చిత్తూరు నాగయ్య చిత్తూరులో పుట్టారంటారు. 1904లో పుట్టిన ఊరు రేపల్లె, ఇంటిపేరు ఉప్పలదడియం. చిత్తూరు ఆయన పేరుకు ముందు చేరిన ఊరు. ‘జనగణమన’ను రవీంద్రుడు మదనపల్లెలో రాశారనేది మరో ముచ్చట. ఆ గీతం 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్‌లో పాడారు. 1919 ఫిబ్రవరిలో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో జరిగింది ఆంగ్లానువాదం. బాణీని స్వరపరిచి కాగితం మీద పెట్టడంలో మార్గరెట్ కజిన్స్ చెయ్యి ఉంది.

అఫిడవిట్‌లో ఈ జాతి తప్పు కుటుంబ ఆస్తుల దగ్గర జరుగుతుంది. అభ్యర్థి, జీవిత భాగస్వామి, ఉమ్మడి కుటుంబం, ఆధారపడినవారు: గడులు ఇవే. సొంతంగా సంపాదించుకునే కొడుకు ఆధారపడినవాడు కాదు, కాబట్టి అతని ఆస్తి అక్కడ ఉండదు. 2019లో చదువుకుంటున్న కూతురు 2024కు పెళ్లయి వెళ్తే ఆమె పేరిట ఉన్నదంతా మాయమవుతుంది. దాన్ని ‘దాచిపెట్టారు’ అంటే తప్పు. అదే ఇంకో వైపు నుంచి చూస్తే, ఎన్నికల ముందు ఏడాది ఆస్తి కొడుకు పేరుకు మారిందా అన్నది న్యాయమైన ప్రశ్న. రిజిస్ట్రేషన్ శాఖ ఇచ్చే ఈసీలో (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) దాన పత్రం తేదీతో సహా కనిపిస్తుంది. చివర్లో ఉండే బి భాగం సారాంశం మాత్రమే చూసి రాసేవాళ్లకు ఇవేవీ కనబడవు, ఎ భాగం పూర్తిగా తిరగేయాల్సిందే.

గడులు ఖాళీగా వదిలేయడం కూడా కుదరదు. వర్తించకపోతే ‘లేదు’ అని రాయాలి. రిటర్నింగ్ అధికారి గుర్తు చేసినా నింపకపోతే నామినేషన్ తిరస్కరించవచ్చని సుప్రీంకోర్టు 2013లో తేల్చింది. సమాచారం దాచినా, తప్పుగా ఇచ్చినా ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఎ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

ఎక్కడ గీత దాటుతుంది

అభ్యర్థి పనితీరును ఎంత ఘాటుగా తిట్టినా ఎన్నికల చట్టం పట్టించుకోదు. వ్యక్తిగత శీలం, నడవడిక మీద అబద్ధమని తెలిసీ వాస్తవంలా ప్రచారం చేస్తే మాత్రం అది అదే చట్టం 123(4) సెక్షన్ కిందికి వస్తుంది. ప్రత్యర్థి గానీ, అతని ఏజెంటు గానీ, వారి సమ్మతితో ఇంకొకరు గానీ చేసినట్టు రుజువైతే గెలిచిన ఎన్నికే పోతుంది. పిటిషన్ వేయడానికి ఫలితం నుంచి 45 రోజులు, వేసేది హైకోర్టులో. 2019లో తిరుపతి శాసనసభ సీటు 708 ఓట్ల తేడాతో తేలింది. అంత సన్నని తేడా ఉన్నచోట ఒక అబద్ధపు వాక్యం ఎంత పని చేయగలదో లెక్క కట్టడం కష్టం, కాదనడం ఇంకా కష్టం.

కరపత్రం చేతికొస్తే ముందు కింది అంచు చూడాలి. అచ్చు వేసినవారి పేరు, చిరునామా, ప్రచురించినవారి పేరు, చిరునామా ఉండి తీరాలి. ప్రచురించే మనిషి నుంచి ఇద్దరు సాక్షుల సంతకాలతో డిక్లరేషన్ తీసుకోకుండా ప్రెస్సువాళ్లు అచ్చు వేయకూడదు, వేశాక ప్రతిని జిల్లా కలెక్టరుకు పంపాలి. ఇది ఆ చట్టంలోని 127ఎ సెక్షన్. కింది అంచు ఖాళీగా ఉన్న కాగితంలో పైన ఎంత మంచి అన్నమయ్య పదం ఉన్నా లాభం లేదు. టీవీలో, కేబుల్లో వేసే ప్రచార ప్రకటనలకు ముందే ఎంసీఎంసీ (ప్రకటనలను పరిశీలించే ఎన్నికల కమిటీ) అనుమతి కావాలి. పత్రికల్లోనైతే పోలింగ్ రోజుకూ దాని ముందు రోజుకూ కావాలి. ఇక తిరుమల కొండ మీద రాజకీయ వ్యాఖ్యలు వద్దని 2024 నవంబరులో టీటీడీ పాలకమండలి తీర్మానించింది. దర్శనం చేసుకుని వచ్చి గుడి ముందే మైకుల్లో మాట్లాడే అలవాటుకు అలా అడ్డుపడింది.

కేసులున్న అభ్యర్థి తన కేసుల వివరాలను ఉపసంహరణ గడువు ముగిశాక మూడుసార్లు పత్రికల్లో, టీవీలో ప్రకటించాలి: మొదటి నాలుగు రోజుల్లో ఒకసారి, ఐదు నుంచి ఎనిమిదో రోజు లోపల రెండోసారి, తొమ్మిదో రోజు నుంచి ప్రచారం ముగిసే లోపల మూడోసారి. అవి చిన్న అక్షరాల్లో లోపలి పేజీల్లో వస్తాయి. ఆ ముక్క కత్తిరించి తేదీ రాసి పెట్టుకుంటే అంతకన్నా గట్టి ఆధారం లేదు, ఎందుకంటే అది అభ్యర్థి స్వయంగా డబ్బు కట్టి వేయించుకున్నది.

తేదీలు ఒకసారి చూద్దాం. 2024లో నామినేషన్లకు ఆఖరు రోజు ఏప్రిల్ 25, ఉపసంహరణ 29, పోలింగ్ మే 13. అఫిడవిట్లు దాఖలైన వెంటనే ఎన్నికల సంఘం సైటులో అందరికీ అందుబాటులోకి వస్తాయి. అలాంటప్పుడు మే 12 రాత్రి, పంచాంగానికీ పాటకూ కింద, ‘ఇప్పుడే బయటపడింది’ అంటూ ఒక అభ్యర్థి ఆస్తి వివరం వచ్చిందంటే, మధ్యలో పోయిన ఆ పదిహేడు రోజులూ అది ఎక్కడుందో పంపినవారినే అడగాలి.